నెలకోసారి వచ్చే ఓడ గురించి ఎవరూ రాయరు

పసిఫిక్ దీవులకి సాయం మోసుకెళ్ళే స్వచ్ఛంద నావికుల కథలు ఇప్పుడొక ప్రక్రియ అయిపోయాయి. పుస్తకాలున్నాయి, డాక్యుమెంటరీలున్నాయి, యూట్యూబ్‌లో ఏళ్ళ తరబడి నడిచే సిరీస్‌లున్నాయి. నడక దాదాపు ఒకటే. ఉద్యోగం మానేసి, ఇల్లు అమ్మేసి, తెరచాపల యాట్ కొనుక్కున్న ఒక జంట. ఎక్కడో తుఫాను కొట్టిందని వార్త. పడవ నిండా బియ్యం, టార్పాలిన్లు, మందులు, పాత కళ్ళద్దాలు. రెండు రోజుల అల్లకల్లోలం. మూడోరోజు పొద్దున పగడపు దిబ్బల మధ్య ఇరుకు సందులోంచి జాగ్రత్తగా లోపలికి. ఒడ్డున చేతులూపుతున్న పిల్లలు. చివర్లో, మేం ఇచ్చిందానికన్నా పుచ్చుకున్నదే ఎక్కువ అనే అర్థం వచ్చే ఒక పేరా.

ఆ నావికుల మీద నాకు కోపం లేదు. సొంత డబ్బుతో, సొంత ప్రాణాలు పణంగా పెట్టి సముద్రం దాటేవాళ్ళని ఏసీ గదిలో కూర్చుని వెటకారం చేయడం కన్నా చవకబారు పని లేదు. నా తగాదా ఆ కథతో. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ కథల్లో మూడో వాక్యానికల్లా వచ్చేసే ఒక మాటతో: "మారుమూల". మారుమూల దీవి, మారుమూల ప్రజలు. ఆ మాట పడగానే మనం ఇంకేం అడగం. పాపం, అంత దూరం కదా, అనుకుంటాం.

నా వాదన ఇది. ఏ దీవీ పుట్టుకతో మారుమూల కాదు. అక్కడికి ఓడ రావడం మానేస్తే మారుమూల అవుతుంది. ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని అడక్కుండా, ఎప్పుడో ఒకసారి వచ్చిన పడవని పొగిడే ప్రతి కథా ఆ మానేసినవాళ్ళ తప్పుని కప్పిపెడుతోంది.

ఒక ఉదాహరణతో మొదలుపెడతాను. సాలమన్ దీవుల దేశంలో తూర్పు చివర టికోపియా ఉంది. విస్తీర్ణం ఐదు చదరపు కిలోమీటర్లు. రాజధాని హోనియారాకి దాదాపు 1,000 కిలోమీటర్లు. మానవశాస్త్రం చదివినవాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది. రేమండ్ ఫిర్త్ 1928-29లో అక్కడుండి రాసిన పుస్తకం ఆ శాస్త్రంలో క్లాసిక్. 2002 డిసెంబరు 28న జోయి అనే కేటగిరీ 5 తుఫాను ఈ దీవి మీద, పక్కనున్న ఇంకా చిన్న దీవి అనూటా మీద పడింది. సమాచారం పూర్తిగా తెగిపోయింది. అంతా పోయారేమో అని ప్రపంచం భయపడింది. చివరికి ఒక న్యూజిలాండ్ కెమెరామన్ వనువాటు నుంచి హెలికాప్టర్ మాట్లాడుకుని వెళ్ళి దిగాడు. చూస్తే ఇళ్ళు లేవు, తోటలు లేవు. మనుషులు మాత్రం ఉన్నారు. ఒక్కరు కూడా చనిపోలేదు. గాలి రకం చూసి, ఎత్తు మీదున్న బండరాళ్ళ చాటుకి, గుహల్లోకి వెళ్ళిపోయారు. తరాల నుంచీ తుఫాను వస్తే ఏం చేయాలో వాళ్ళకి తెలుసు.

మరి ప్రభుత్వం పంపిన సాయం ఎప్పుడొచ్చింది? తుఫాను తర్వాత వారం దాటాక. సముద్రం పోటెత్తి కాదు, దారి తెలియక కాదు. అప్పటికి అంతర్గత ఘర్షణలతో దివాలా తీసి ఉన్న ప్రభుత్వం దగ్గర పెట్రోల్ బోట్ పంపడానికి డబ్బు లేదు. సిబ్బందికి ఇవ్వాల్సిన డబ్బు మీద పేచీ వచ్చి బోట్ రేవులోనే ఆగిపోయింది. వార్తల్లో మాత్రం "అత్యంత మారుమూల దీవి" అనే రాశారు. ఆ వారం రోజుల్లో టికోపియాకీ సాయానికీ మధ్య అడ్డుపడింది 1,000 కిలోమీటర్ల నీళ్ళు కాదు, ఒక ఖాళీ ఖజానా. ఖాళీ ఖజానాకి కారణాలుంటాయి, బాధ్యులుంటారు. నీళ్ళకి ఉండరు. అందుకే నీళ్ళ గురించి రాయడం సులువు.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఇదే సముద్రంలో ఓడలకి ఈ దీవులు ఎప్పుడూ దొరకలేదా అంటే, అవసరమైనప్పుడు భేషుగ్గా దొరికాయి. 1863 నుంచి 1904 దాకా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెరకు తోటలకి కూలీలు కావాల్సొచ్చింది. అప్పుడు ఇప్పటి వనువాటు, సాలమన్ దీవుల నుంచి దాదాపు 62,000 మందిని ఓడలు ఎక్కించుకెళ్ళాయి. కొందరిని ఒప్పందం మీద, కొందరిని మోసంతో, కొందరిని బలవంతంగా. అప్పుడు ఏ కెప్టెనూ ఇది మారుమూల అని వెనక్కి తిరగలేదు. ఆ తర్వాత ఎండుకొబ్బరి కాలం వచ్చింది. సబ్బులకీ నూనెలకీ కొబ్బరి కావాలి కాబట్టి బర్న్స్ ఫిల్ప్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీల స్టీమర్లు దీవి దీవికీ తిరిగాయి. తెచ్చిన బియ్యం, కిరసనాయిలు, బట్టలు అమ్మి, కొబ్బరి నింపుకుని పోయేవి. కొబ్బరి ధర పడిపోయాక చాలా దీవులకి ఆ రాకపోకలు పలచబడ్డాయి. దీవి ఉన్నచోటే ఉంది. లాభం తగ్గింది, దూరం పెరిగింది.

ఈ కథలో మనవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఇది మనకి పరాయి విషయం కాదు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకి గిర్మిట్ కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలు 1941లో అక్కడ ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. విశాఖ, గోదావరి జిల్లాల పల్లెల నుంచి పసిఫిక్ నడిబొడ్డుకి మనిషిని చేర్చడం వందేళ్ళ కిందట సాధ్యమైంది. ఎందుకంటే ఆ మనిషి కోసం ఒక చక్కెర మిల్లు ఎదురుచూస్తోంది. ఈ రోజు ఒక చిన్న దీవిలో పురిటినొప్పులు పడుతున్న అమ్మాయిని 100 కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రికి చేర్చడం కష్టమంటే, ఆ కష్టం భూగోళానిది కాదు.

ఇప్పుడు స్వచ్ఛంద నావికుల దగ్గరికి వద్దాం. దక్షిణ పసిఫిక్‌లో తుఫానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్. యాట్ల కాలం మే నుంచి అక్టోబరు. ఈ రెండూ ఒకదానికొకటి తలకిందులు. నవంబరు రాగానే చాలా యాట్లు న్యూజిలాండ్‌కో ఆస్ట్రేలియాకో దిగిపోతాయి. తుఫాను ప్రాంతంలో ఉంటే చాలా ఇన్సూరెన్స్ పాలసీలు వర్తించవు. ఫిజీలో ఉండిపోయేవాళ్ళు కొందరు వుడా మరీనాలో నేలలో తవ్విన గోతుల్లోకి పడవని సగం దింపి, తాళ్ళతో బిగించి పెట్టుకుంటారు. ఇందులో తప్పేం లేదు. ఎవరి పడవ వాళ్ళకి ఇల్లు. కానీ సరిగ్గా ప్రమాదం వచ్చే ఆరు నెలలూ అక్కడ ఉండని ఏర్పాటుని ఆ దీవుల ఆసరాగా చూపించే కథని మాత్రం నేను ఒప్పుకోను. 2015లో పామ్ తుఫాను వచ్చింది మార్చిలో. 2016లో విన్‌స్టన్ వచ్చింది ఫిబ్రవరిలో. తుఫానులు క్యాలెండర్ పాటిస్తాయి. మన కథలే పాటించవు.

పామ్ గురించి ఇంకొంచెం. మార్చి 13 రాత్రి గంటకి 250 కిలోమీటర్ల గాలులతో అది వనువాటు మీద పడినప్పుడు ఆ దేశాధ్యక్షుడు బాల్డ్విన్ లాన్స్‌డేల్ జపాన్‌లోని సెండాయ్‌లో ఉన్నాడు, విపత్తుల ముప్పు తగ్గించడం మీద ఐక్యరాజ్యసమితి మహాసభకి వచ్చి. కథలు రాసేవాళ్ళకి ఇంతకన్నా నాటకీయమైన వివరం దొరకదు. కానీ నాకు దానికన్నా ముఖ్యంగా కనబడే వివరం వేరే ఉంది. ఒక దేశపు తోటల్నీ ఇళ్ళనీ అంతలా తుడిచిపెట్టిన ఆ తుఫానులో చనిపోయినవాళ్ళు 20 మంది దాటలేదు. ఎందుకు? ముందే రేడియోలో, ఫోన్లకి మెసేజ్‌ల ద్వారా హెచ్చరికలు వెళ్ళాయి. ఊళ్ళో గట్టి కట్టడం ఏదో అందరికీ తెలుసు, అక్కడికి చేరారు. ఇది బయటినుంచి వచ్చిన దయ కాదు. స్థానిక ప్రభుత్వం, వాతావరణ శాఖ, ఊరి పెద్దలు కలిసి చేసిన బోరింగ్ పని.

బయటి దయ తర్వాత వచ్చింది. ఎవరూ అడగని విరాళాలు 70కి పైగా కంటైనర్లలో పోర్ట్ విలా రేవుకి చేరాయి. పది నెలల తర్వాత కూడా 18 కంటైనర్లు ఎవరూ తీసుకోక అక్కడే పడున్నాయి. వాటిలో తినేవాటికి సగం పైగా గడువు దాటిపోయింది. గోదాము అద్దెలూ జరిమానాలూ కలిపి 15 లక్షల అమెరికన్ డాలర్లు దాటాయి. మరుసటి ఏడు విన్‌స్టన్ తర్వాత ఫిజీకి వచ్చిన సామానులో ఉన్ని కోట్లు, ఎత్తు మడమల చెప్పులు కూడా ఉన్నాయి. ఉష్ణమండలంలో కొంప కూలిపోయినవాడికి ఉన్ని కోటు! సాయం సంస్థలు తమతో మాట్లాడకుండా ఎవరికి వాళ్ళు పని చేసుకుపోతున్నారని వనువాటు అధికారులు అప్పట్లోనే బహిరంగంగా మొత్తుకున్నారు. ఆ మొత్తుకోలు మీద ఎన్ని కథలొచ్చాయి? ఒడ్డున చేతులూపే పిల్లలు మన కథకి పనికొస్తారు. "దయచేసి ముందు మమ్మల్ని అడగండి" అనే గుమాస్తా పనికిరాడు.

అసలు ఆ దీవుల మనుషులు రోజూ ఎక్కే ఓడల సంగతేంటి? 2009 ఆగస్టు 5 రాత్రి టోంగాలో ప్రిన్సెస్ ఆషికా అనే ఫెర్రీ మునిగి 74 మంది పోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది లోపలి డెక్‌లో నిద్రపోతున్న ఆడవాళ్ళు, పిల్లలు. 1970లలో కట్టిన ఆ ముసలి ఓడని అక్కడి ప్రభుత్వం కొని కొద్ది వారాలే అయింది. అది సముద్రం మీదకి వెళ్ళే స్థితిలోనే లేదని తర్వాత విచారణ సంఘం తేల్చింది. 2018 జనవరిలో కిరిబాటిలో బుటిరావోయి అనే చెక్క ఫెర్రీ నొనౌటి దీవి నుంచి రాజధాని టరావాకి వస్తూ మునిగింది. 95 మంది పోయారు. చిన్న పడవలో తేలుతూ ఏడుగురు మిగిలారు. ఈ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? సముద్ర సాహసాల మీద షెల్ఫుల కొద్దీ పుస్తకాలున్నాయి. ఈ రెండు ఓడలు వాటిలో కనబడవు. ఎందుకంటే ఇవి సాహసయాత్రలు కావు. బంధువుల ఇంటికి, బడికి, ఆసుపత్రికి వెళ్తున్న మనుషుల టికెట్ ప్రయాణాలు. దీవుల జీవన్మరణాలు తేలేది ఇక్కడ. మన కెమెరా ఉన్నది మాత్రం యాట్ మీద.

ఇంకో అన్యాయం ఉంది, ఇది సాహిత్యానికి సంబంధించింది. ఈ కథల్లో నావికుడు ఎప్పుడూ బయటివాడే. దీవి మనిషి ఒడ్డున నిలబడి ఎదురుచూసేవాడు. ప్రపంచ చరిత్రలోనే గొప్ప నావికజాతుల్ని ఒడ్డున నిలబెట్టేశాం! 1769లో తాహితిలో కెప్టెన్ కుక్ ఓడ ఎక్కిన తుపాయా 70కి పైగా దీవులున్న పటం గీసిచ్చాడు. 1976లో హొకులేయా అనే జంట పడవని హవాయి నుంచి తాహితికి, ఒక్క యంత్రం సాయం లేకుండా, నక్షత్రాలూ అలలూ చూసి దాదాపు నెల రోజులు నడిపించినవాడు మావు పియాయిలుగ్. ఆయన ఊరు సటవాల్, మైక్రోనీషియాలో ఒక చిన్న పగడపు దీవి. మన భాషలో "మారుమూల". 1993లో టోంగా మూలాలున్న రచయిత ఎపెలీ హవోఫా ఒక వ్యాసంలో ఈ చూపుని ఉతికి ఆరేశాడు. ఆయన చెప్పేది స్థూలంగా ఇది: నీళ్ళని ఖాళీగా చూసేవాళ్ళకే దీవులు చిన్నవి, ఒంటరివి, అక్కడివాళ్ళకి ఆ నీళ్ళే దారి, పొలం, చుట్టరికం. మూడు దశాబ్దాలు దాటినా మన ప్రయాణ సాహిత్యం ఆ వ్యాసం దాకా రాలేదు.

ఫిజీలో ఒక మర్యాద ఉంది. ఊరి సముద్రంలో లంగరు వేసిన ప్రతివాడూ ముందు ఊరి పెద్ద దగ్గరికెళ్ళి, కావా వేళ్ళ కట్ట ముందు పెట్టి అనుమతి అడగాలి. సెవుసెవు అంటారు. నావికుల కథల్లో ఇది ముచ్చటైన తంతుగా వస్తుంది, ఫొటోతో సహా. అది తంతు కాదు. ఈ నీళ్ళకి యజమానులున్నారని చెప్పే చట్టం. నువ్వు బియ్యం బస్తాలతో వచ్చినా అతిథివే, అడిగి దిగాల్సినవాడివే. మన కథ చదివితే దాత ఎవరో, ఎవరు ఎవరికి రుణపడ్డారో తలకిందులుగా అర్థమవుతుంది.

"అంతా బాగానే ఉంది గానీ, ఓడ వచ్చేదాకా యాట్ కూడా వద్దంటావా? ఏమీ చేయనివాళ్ళకన్నా నయం కదా?" అని అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. యాట్లు రావాలి. పెద్ద ఓడ దూరలేని పగడపు సందుల్లోంచి చిన్న పడవ వెళ్ళగలదు. చాలా యాట్లలో ఉప్పునీటిని మంచినీళ్ళుగా మార్చే యంత్రం ఉంటుంది. బావులు ఉప్పెక్కిపోయిన ఊరికి అది ప్రాణాధారం. సీ మెర్సీ లాంటి సంస్థలు టోంగా, ఫిజీ బయటి దీవులకి డాక్టర్లనీ నర్సుల్నీ పడవల మీద తీసుకెళ్ళాయి. ఇవేవీ నేను కాదనను. నేను కాదనేది ఈ పనిని పరిష్కారంగా చూపించడాన్ని. నేను చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో సర్వర్ పడిపోయిన రాత్రి లేచి నిలబెట్టినవాడికి చప్పట్లు కొడతారు, కొట్టాలి కూడా. కానీ ప్రతి వారం ఆ చప్పట్లే మోగుతుంటే, ఆ సిస్టంని అలా వదిలేసిందెవరని అడగాల్సొస్తుంది. అక్కడైనా అడుగుతారు. దీవుల విషయంలో చప్పట్ల దగ్గరే ఆగిపోతున్నాం.

స్వచ్ఛంద నావికులే వేరేలా చేసి చూపించిన సందర్భం ఒకటుంది. 2008-09లో ఒక బృందం పాత పాలినీషియన్ పద్ధతి ఆధారంగా రూపకల్పన చేసిన రెండు జంట పడవల్ని ఫిలిప్పీన్స్‌లో కట్టించి, వేల కిలోమీటర్లు నడుపుకుంటూ టికోపియా, అనూటాలకి తీసుకెళ్ళింది. వెళ్ళి ఏం దించింది? పడవల్నే. అక్కడివాళ్ళకి ఇచ్చేసి తిరిగొచ్చేశారు. డీజిల్ అక్కర్లేని, తామే నడుపుకోగల పడవలు. ఆ రెండు పడవలతో సమస్య తీరిపోయిందని చెప్పను. కానీ సాయంగా ఏమిచ్చారో చూడండి. తాము మళ్ళీ రావాల్సిన అవసరం తగ్గించే వస్తువు ఇచ్చారు.

ప్రభుత్వాలు తలచుకుంటే ఏమవుతుందో కూడా ఉదాహరణలున్నాయి. ఆషికా మునిగాక టోంగాకి జపాన్ 2010లో కొత్త ఫెర్రీ ఇచ్చింది. న్యూజిలాండ్ కింద ఉన్న టోకెలావ్ మూడు పగడపు దీవుల సముదాయం. జనాభా 1,500 దగ్గర్లో. విమానాశ్రయం లేదు. సమోవా నుంచి ఒక రోజు పైన ఓడ ప్రయాణం. వాళ్ళకోసమే న్యూజిలాండ్ డబ్బుతో మాటలికి అనే ఓడ తయారై 2016లో సర్వీసులోకి వచ్చింది. దాన్ని కట్టింది బంగ్లాదేశ్‌లో. ఫిజీలో లాభం రాని దారుల్లో నడిచే ఓడలకి ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చే పథకం ఉంది. టెండర్లు, సబ్సిడీ లెక్కలు, ఓడ ఫిట్‌నెస్ తనిఖీలు, రేవు రిపేర్లు. చదవడానికి ఆవలింతలొచ్చే ఈ కాగితాల మీదే ఒక దీవి ఊళ్ళో టీచరు ఉంటాడా వెళ్ళిపోతాడా, నర్సు దగ్గర వ్యాక్సిన్ ఉంటుందా అనేది తేలుతుంది.

ఇది దూరదేశపు సంగతి అనుకుంటే మన దగ్గరికే రండి. గోదావరికి వరదొచ్చిన ప్రతిసారీ కోనసీమ లంకలకి పడవల్లో పాలప్యాకెట్లు, పులిహోర పొట్లాలు మోసుకెళ్ళే కుర్రాళ్ళ ఫొటోలు మన ఫోన్లలోకి వస్తాయి. మంచి కుర్రాళ్ళు, మంచి పని. ఆ లంకకి వంతెన ఎందుకు లేదు, మామూలు రోజుల్లో అక్కడి పిల్లలు బడికి ఏ పడవ ఎక్కుతున్నారు, దాన్ని చివరిసారి తనిఖీ చేసిందెప్పుడు అన్న వార్త జిల్లా ఎడిషన్ మూల కాలమ్‌లో వస్తుంది, రాకపోతే లేదు. మనం మొదటిది షేర్ చేస్తాం. సాయం మీద మన కథలకి వరద కావాలి. మామూలు మంగళవారాలతో వాటికి పని లేదు.

అందుకని రాసేవాళ్ళని, చదివేవాళ్ళని ఒకటే అడుగుతున్నాను. ఈసారి ఇలాంటి కథ చేతికొస్తే, పడవ దీవికి చేరిన పేజీ దగ్గర ఆగి నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ ఊరికి మామూలుగా ఓడ ఎన్ని రోజులకోసారి వస్తుంది? కిందటిసారి ఎందుకు రాలేదు? ఈ సామాను కావాలని ఊళ్ళో ఎవరు అడిగారు, వాళ్ళ పేరేంటి? ఈ యాట్ వెళ్ళిపోయాక, నవంబరులో, వీళ్ళకి ఎవరున్నారు? ఈ నాలుగింటికీ జవాబు లేని పుస్తకం సముద్రం గురించి ఎంత అందంగా రాసినా, దీవి గురించి ఏమీ చెప్పనట్టే. రాసేవాళ్ళకి ఇంకో మాట. టోకెలావ్ ఓడలో డెక్ మీద చాపేసుకుని, కోళ్ళూ బియ్యం బస్తాల మధ్య, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్తున్న ఒక ముసలావిడ పక్కన కూర్చుని ఎవరైనా ఆ ఒక రోజు ప్రయాణం రాయండి. మాములు టికెట్ కొనుక్కుని వెళ్ళిరండి. ఆ పుస్తకం కోసం నేను ఎదురుచూస్తున్నాను.